టేపు మావయ్య, అయిదు టైర్లు

మా మావయ్య దేన్నైనా కొలిచాకే నమ్ముతాడు. ఆకాశాన్ని ఇంకా నమ్మలేదు, టేపు అందక. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే, ఆయన అయిదు మీటర్ల స్టీలు టేపు పెట్టుకుంటాడు. ఆ బరువుకి చొక్కాలన్నీ ఎడమవైపు వేలాడిపోయి, మనిషి ఎప్పుడూ ఎవరి మాటో ఒంగి వింటున్నట్టు కనిపిస్తాడు. వినడు. కొలుస్తాడు.

పొద్దున్న లేవగానే మొదటి కొలత టీ గ్లాసుది. పదేళ్ల నుంచీ అదే గ్లాసు. టేపు బర్రున లాగి, గ్లాసు పక్కన నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, "మూడున్నర" అంటాడు. ఆ తరవాతే టీ తాగుతాడు.

"రాత్రికి రాత్రి పెరిగిందేమోనని ఆయన బెంగ," అంటుంది అత్త. "పదేళ్లలో నేను ఇంత లావయ్యాను. ఒక్కసారన్నా ఇటు చూశాడా? గ్లాసుని మాత్రం రోజూ చూస్తాడు."

"నువ్వు కదులుతావు. గ్లాసు కదలదు," అంటాడు మావయ్య, టీ ఊదుకుంటూ.

ఒకసారి కొత్త సోఫా వచ్చింది. గుమ్మం కొలిచాడు, సోఫా కొలిచాడు, మెట్ల మలుపు కొలిచాడు. అన్నీ సరిపోయాయి. సోఫాని వెనక నుంచి తోసే మనిషిని మాత్రం లెక్కలో వేసుకోలేదు. ఆ మనిషి ఆయనే. సోఫాకీ గోడకీ మధ్య గంటన్నర సేపు ఇరుక్కుపోయాడు. వడ్రంగి వచ్చి విడిపించేదాకా ఊరుకున్నాడా అంటే అదీ లేదు, తన పొట్టకీ గోడకీ మధ్య ఎంత సందుందో కొలుచుకున్నాడు. "సందు లేదురా," అని నాకు అక్కణ్ణుంచే రిపోర్టు ఇచ్చాడు.

ఇంకోసారి అత్త వైపు చుట్టం ఒకాయన కబుర్లలో తన ఎత్తు ఆరడుగులన్నాడు. మావయ్య ఆయన్ని తలుపుకి ఆనించి నిలబెట్టాడు. అయిదడుగుల పదిన్నర తేలింది. ఆ చుట్టం మళ్లీ మా గడప తొక్కలేదు.

"పోతే పోయాడు. నిజం తేలిందిగా," అన్నాడు మావయ్య.

నేను ఆయన మేనల్లుణ్ణి. ఇంటి ముందు గదిలో పాత ఫోన్లు విప్పి, వాటిలో కొన్నిటిని తిరిగి బిగించడం నా వృత్తి. ఆ పని నాకెవరూ నేర్పలేదు, పాడైన ఫోన్లే నేర్పాయి. మిగిలిన టైములో ఇంట్లోవాళ్లని ఏడిపిస్తాను. అది కూడా సొంతంగా నేర్చుకున్నదే.

మా ఇంట్లో ఒక పాత జీపుంది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే మొండి బండి. వారమంతా ముసుగు వేసుకుని పడుకుంటుంది, గురువారం మాత్రం అమ్మమ్మని ఎక్కించుకుని కొండమీదికి వెళ్తుంది. అమ్మమ్మ అంటే మావయ్య వాళ్లమ్మ, డెబ్భై ఎనిమిదేళ్లు. కొండమీద ఆవిడ అక్క ఉంటుంది, ఎనభై రెండేళ్లు. ఆ దారంతా రాళ్లు, మామూలు కారు ఎక్కలేదు, బస్సు అటు చూడదు. అక్కాచెల్లెళ్లిద్దరూ ముప్పై ఏళ్లుగా గురువారం గురువారం పేకాడుకుంటున్నారు. గెలిచిన ఆటలు అలమారా తలుపు వెనక సుద్దముక్కతో గీతలు గీసి ఉంటాయి. ప్రస్తుతానికి అక్క మూడు ఆటలు ముందుంది.

"నేను పోయేలోపు ఆ మూడు గీతలూ సమం చెయ్యాలి," అంటుంది అమ్మమ్మ. "లేకపోతే అక్కడికొచ్చి కూడా చెప్పుకుంటుందది."

అలాంటి మనిషి నాలుగు నెలల కిందట ఒక గురువారం జీపు దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగిపోయింది.

"ఆ గుండు టైర్లతో నేను కొండెక్కను. కొత్తవి వేయించాక చెప్పండి," అంది.

న్యాయమైన మాటే. గోడమీది ఫొటోలో మా తాత గుండు కూడా ఆ టైర్లంత నున్నగా ఉండదు. ఇక రెండో రోజు నుంచీ సాయంత్రం సాయంత్రం కొండమీద నుంచి ఫోను. "టైర్లొచ్చాయా?" అని అక్క. "మావాడు కొలుస్తున్నాడు," అని చెల్లెలు. వానలు మొదలైతే ఆ దారి నాలుగు నెలలు మూసేస్తారు. అక్కాచెల్లెళ్ల వయసులు కలిపితే నూట అరవై. ఆ వయసులో ఎవరూ పేకాట నాలుగు నెలలు వాయిదా వేసుకోరు. వానలకింకా ఎన్నో రోజులు లేవు, మావయ్య చూస్తే టేపు పట్టుకుని జీపు కింద పడుకున్నాడు.

మామూలు మనిషైతే షాపుకెళ్లి పాత సైజువే ఇమ్మని తెచ్చుకుంటాడు. మావయ్య తొమ్మిదిసార్లు వెళ్లాడు. తొమ్మిదిసార్లూ ఉత్త చేతులతో వచ్చాడు. డ్రైవరుగా నేను, సాక్షిగా నేను, అవమానం పడేది కూడా నేనే.

టైర్ల షాపాయన మొదటి రోజు ఓపిగ్గా చెప్పాడు. "సార్, పక్కన రాసుందిగా, 235/75 ఆర్ 15. వెడల్పు రెండొందల ముప్పై అయిదు మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో నూటికి డెబ్భై అయిదు వంతులు. లోపలి చక్రం పదిహేనంగుళాలు. అంతే."

"రాసినంత మాత్రాన అవుతుందా?" అని మావయ్య టేపు తీశాడు.

వెడల్పు కొలిచాడు. ఎత్తు కొలిచాడు. గాడి లోతు కొలిచాడు. టైరు గుండ్రంగా ఉందో లేదో కూడా నాలుగు వైపుల నుంచీ కొలిచాడు. ఉంది.

అయిదోసారికి షాపాయన నన్ను పక్కకి లాగాడు. "బాబూ, మీ మావయ్య కొలిచి కొలిచి నా టైర్లు రోడ్డెక్కకముందే అరిగిపోతున్నాయి. మీ ఇంట్లో ఇంకెవరూ లేరా, మాట్లాడ్డానికి?"

"ఉన్నారండి. వాళ్లే ఇక్కడికి పంపించారు."

నాకూ ఒక కోరిక ఉంది. దాచుకోవడమెందుకు, ముప్పై మూడంగుళాల టైర్లు, మెరిసే అల్లాయ్ చక్రాలు. షాపు గోడకి అలాంటి జీపు బొమ్మ ఒకటి అంటించి ఉంది. దానిముందు మా బండి దాని పనిమనిషిలా ఉంటుంది.

"మావయ్యా, అవి వేయిద్దాం. జీపొస్తుంటే వీధి పక్కకి తప్పుకోవాలి."

ఆయన బొమ్మని చూశాడు. పాపం, బొమ్మని కూడా కొలిచాడు. "చక్రం మార్చామంటే బోల్టుల దూరం కలవాలి, మధ్య బెజ్జం కలవాలి. టైరు మరీ పెద్దదైతే స్టీరింగు తిప్పినప్పుడు పైనున్న రేకు రెక్కకి రాసుకుంటుంది. పైగా టైరు నాలుగంగుళాలు పెరిగితే బండి రెండంగుళాలు లేస్తుంది."

"లేస్తే మంచిదేగా."

"ఎవరికి?" అన్నాడు.

ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఆయన నా సమాధానం కోసం ఆగలేదు. అప్పటికే షాపాయన కూర్చున్న కుర్చీ ఎత్తు కొలుస్తున్నాడు.

ఆ తరవాత మూడో మలుపు రాయి. కొండదారి మధ్యలో ఒక మొండి రాయి పైకి లేచి ఉంటుంది, దాన్ని రెండు చక్రాల మధ్య నుంచి వదిలేసి ఎక్కాలి. జీపు వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే ఇనప బుర్ర ఒకటుంది కదా, అది ఆ రాయికి తగలకూడదు. మావయ్య ఆ రాయిని కొలవడానికి కొండమీదికి నడిచి వెళ్లాడు. నన్నూ నడిపించాడు. ఎండలో రెండు గంటలు. రాయి ఏడంగుళాలు. బుర్ర కింద ఇప్పుడున్న ఎత్తు ఎనిమిదిన్నర.

"అంగుళమున్నర ఉంది," అన్నాడు తృప్తిగా.

"ఇప్పుడు తగలట్లేదుగా. మరి ఎందుకొచ్చాం?"

"తగలకపోతే ఎంత తగలట్లేదో తెలుసుకోవాలి కదరా."

ఆ రాత్రి నా కాళ్లకి అత్త వేణ్ణీళ్ల కాపడం పెట్టింది. పెడుతూ, "ఇరవై ఏళ్ల నుంచీ నా తలకి పెట్టుకుంటున్నాను," అంది.

షెడ్డు గోడమీద సుద్దతో అన్ని కొలతలూ ఎక్కాయి. జీపు రెక్క, ఇరుసు, రాయి, ఎక్కే ఫుట్‌బోర్డు ఎత్తు పదిహేనంగుళాలు, అన్నీ. అట్టముక్కలు కోసి నాలుగు సైజుల టైర్లు తయారుచేశాడు. వాటిని చక్రం పక్కన నిలబెట్టి ఒక్కోదాన్నీ అరగంట చూసేవాడు. ఇల్లంతా అట్ట టైర్లు. నేను ఒకదానికి కళ్లూ మీసాలూ గీస్తే, మీసం వెడల్పు కొలిచి, "ఎడమవైపు ఎక్కువైంది," అని ఇచ్చేశాడు.

అక్కడే నాకు విసుగు నషాళానికి ఎక్కింది. ఈ మనిషికి టేపు మీద ఉన్న నమ్మకాన్ని పోగొట్టాలనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, రేకులు కోసే కత్తెరతో టేపు మొదటి అంగుళం కత్తిరించి, చివరి కొక్కేన్ని మళ్లీ బిగించేశాను. ఫోన్లు బిగించే చెయ్యి కదా, అతుకు కనబడదు. ఇక ఆ టేపు దేన్ని కొలిచినా ఉన్నదానికన్నా అంగుళం ఎక్కువ చూపిస్తుంది. ఎప్పుడో ఒకరోజు లెక్క తప్పుతుంది, అందరం నవ్వుతాం, మావయ్య మామూలు మనిషైపోతాడు. అదీ నా పథకం.

మర్నాడు ఆయన టీ గ్లాసు కొలిచాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని ఓరకంట చూశాను. ఒక కన్ను మూశాడు. కాసేపు చూశాడు.

"మూడున్నర," అన్నాడు.

నాకు చాలా నిరాశ కలిగింది. ఈయన టేపుని చూడనే చూడడన్నమాట, పదేళ్ల నుంచీ ఉత్త అలవాటుగా అనేస్తున్నాడన్నమాట.

అదే వారం పెరట్లో కొత్త పిచ్చి మొదలైంది. గోడవారగా ఇటుకలు పేర్చి, మీద చెక్క వేసి, పక్కన పట్టుకోవడానికి ఒక ఇనప చువ్వ పాతాడు. "ఫోను సిగ్నలు ఇక్కడ ఈ ఎత్తులో బాగా వస్తుందమ్మా. పెద్దమ్మతో ఇది ఎక్కి మాట్లాడు," అని అమ్మమ్మకి చెప్పాడు.

నేను ఫోన్ల మనిషిని. ఇటుకల మీద నిలబడితే సిగ్నలు పెరగదని చెప్పబోయాను. మావయ్య నా కాలు తొక్కాడు. సరే, ఇదీ ఒక ముచ్చట అనుకున్నాను. రోజుకో చెక్క పలక తీసి, వేరే మందానిది వేసేవాడు. అమ్మమ్మ చువ్వ పట్టుకుని ఎక్కి, కొండ వైపు తిరిగి, అక్కని తిట్టి, దిగేది. ఒకరోజు మాత్రం ఎక్కబోయి, "ఇవాళ కిందనుంచే బాగా వినబడుతోందిరా," అని ఆగిపోయింది. మావయ్య ఎదురుగా కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకునేవాడు.

ఆ శనివారం కొండ వెనక మొదటి మబ్బు కనబడింది. సోమవారం మావయ్య పదోసారి షాపుకి వెళ్లి, ఒక్క మాటలో తేల్చేశాడు.

"215/70 ఆర్ 15. అయిదు."

షాపాయన కుర్చీలోంచి లేచాడు. సంతోషంతో కాదు. "సార్, ఉన్నదానికన్నా చిన్నవి. జీపుకి పెద్దవి వేయిస్తారు గానీ చిన్నవి ఎవరు వేయిస్తారు?"

"నేను."

"పోనీ నాలుగు తీసుకోండి, స్పేరుకి పాతది..."

"నాలుగు చక్రాలూ కలిసి తిరిగే బండి. పంక్చరై ఒక్కటి పెద్దది వేశామంటే గేరుబాక్సు ఏడుస్తుంది. అయిదు."

చక్రాలు పాతవే, టైర్లు కొత్తవి. బిగించాక దూరం నుంచి చూశాను. జీపు చెప్పులు విప్పేసి నిలబడ్డ మనిషిలా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నాలుగు నెలలు, తొమ్మిది షాపు యాత్రలు, ఒక కొండ, చివరికి ఇదా?

"బండి అంగుళం దిగింది," అన్నాడు మావయ్య ముద్దుగా. "మీటరు అరవై చూపిస్తే మనం యాభై ఆరులోనే ఉంటాం. అదీ మంచిదే, నువ్వు తోలుతావు కాబట్టి."

బుధవారం సాయంత్రం షెడ్డులో ఆయన పుస్తకం దొరికింది. మళ్లీ మీసాలు గీద్దామని తెరిచాను. మొదటి పేజీలన్నీ టైర్లు. చివరి పేజీలో ఇలా ఉంది:

అమ్మ. 12, ఎక్కింది. 13, ఎక్కింది. 14, ఎక్కింది, చువ్వ గట్టిగా పట్టుకుంది. 15, కిందనుంచే బాగా వినబడుతోందంది. 14, మళ్లీ ఎక్కింది. ఫుట్‌బోర్డు 15. అంగుళం తగ్గాలి. టైరు రెండంగుళాలు తగ్గాలి. రాయికి అర అంగుళం మిగులుతుంది. చాలు.

మీసాలు గీద్దామని తెచ్చిన పెన్ను పక్కన పెట్టేశాను. గుండు టైర్లు వట్టి సాకు. ఆ గురువారం అమ్మమ్మ జీపు తలుపు పట్టుకుని నిలబడింది టైర్లు చూసి కాదు, కాలు లేవక. ఆ మాట చచ్చినా చెప్పదు. అంతకుముందు అత్త ఒకసారి జీపు పక్కన పీట తెచ్చి పెడితే, "నేనేమన్నా ముసలిదాన్నా," అని దాన్ని వీధిలోకి విసిరేసింది. ఇదంతా ఈ టేపు మనిషికి మొదటి రోజే అర్థమైంది.

ఆ వెంటనే నేను కత్తిరించిన టేపు గుర్తొచ్చింది. మావయ్య ఫుట్‌బోర్డు కొలిచింది, నేను టేపు కత్తిరించకముందు. ఇటుకలు కొలిచింది కత్తిరించాక. అంటే పుస్తకంలో పద్నాలుగు, నిజానికి పదమూడు. బండి ఇంకో అంగుళం దిగాలి. దిగితే ఇనప బుర్ర రాయికి కొట్టుకుంటుంది. రేపు పొద్దున్న అమ్మమ్మ అందరి ముందూ కాలెత్తుతుంది, అందదు. ఈసారి టైర్ల వంక కూడా మిగల్లేదు. ఇంకెప్పుడూ జీపు దగ్గరికి రాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి లేచేసరికే జీపు వీధిలో ఉంది. అమ్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీలో పేకముక్కలు వేసుకుని మెట్లు దిగుతోంది.

"మావయ్యా, ఒక్క మాట," అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. "టేపు... ఆ టేపు తప్పు. నేనే..."

"ఆగరా, అద్దం వంకరగా ఉంది," అని ఆయన జీపు అద్దం కొలవడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ వైపు చూడను కూడా చూడలేదు. నన్నూ అటు తిప్పేశాడు.

"మావయ్యా, అందదు..."

"అద్దం చూడు."

అద్దంలోనే చూశాను. అమ్మమ్మ తలుపు దగ్గర ఆగింది. వీధి అటూ ఇటూ చూసింది. జీపు తలుపు పక్కనున్న చువ్వ పట్టుకుంది. కాలు లేపింది. ఫుట్‌బోర్డు మీద పడింది. ఇంకో కాలు. సీట్లో కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మాకేసి చిరాగ్గా చూసింది.

"తెల్లారి ఆ అద్దంలో మీ మొహాలేం చూసుకుంటారు, పదండి. చూశావురా, కొత్త టైర్లయితే ఎంత తేడానో. నేను ముందే చెప్పానా?"

"చెప్పావమ్మా," అన్నాడు మావయ్య.

దారంతా నేనే తోలాను. మూడో మలుపు దగ్గర మావయ్య దిగి, రోడ్డు మీద బోర్లా పడుకుని, రాయికేసి చూస్తూ చెయ్యి ఊపాడు. మెల్లగా పోనిచ్చాను. ఏ చప్పుడూ రాలేదు.

"అర అంగుళం," అన్నాడు లేచి చొక్కా దులుపుకుంటూ. ఆ దుమ్ముకి అత్త ఏమంటుందో నాకు తెలుసు.

అమ్మమ్మకి వినబడకుండా గొంతు తగ్గించి అడిగాను. "టేపు అంగుళం తప్పు కదా. ఎలా కుదిరింది?"

"టేపుని నమ్ముతానని నీకెవరు చెప్పారురా?" అన్నాడు. "అందుకేగా రోజూ గ్లాసు కొలిచేది. గ్లాసు పెరగదు, తరగదు. ఆ రోజు నాలుగున్నర దాటి చూపించింది. నువ్వు పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నావు."

"మరి మూడున్నర అన్నావు?"

"మూడున్నరే కదా. గ్లాసు తప్పేముంది?"

ఆయన జేబులోంచి టేపు తీసి, కొక్కెం దగ్గర వేలు పెట్టి చూపించాడు. "అతుకు బాగా వేశావు. కానీ నువ్వు కోసింది అంగుళం కాదు, అంగుళం మీద రెండు మిల్లీమీటర్లు. వెధవ పని చేసినా కొలిచి చెయ్యాలిరా."

కొండమీద అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. చెల్లెలు జీపు దిగడం చూసి నాలుగు నెలల తిట్లు ఒక్కసారే తిట్టింది. తరవాత అలమారా తలుపు తెరిచారు. సాయంత్రానికి అమ్మమ్మ తన వైపు రెండు గీతలు గీసింది, సమం కావడానికి ఇంకొక్కటి మిగిలింది. బయట చినుకులు మొదలయ్యాయి.

"వానలొచ్చేస్తున్నాయి," అంది అక్క పేక కలుపుతూ. "ఆ ఒక్క గీతా నాలుగు నెలలు అలా ఉంచుకుంటావా? నన్నే మీ ఇంటికి తీసుకుపోండి. అయినా వద్దులే. మీ ఇంటికి మెట్లు మరీ ఎక్కువ. నాకు మెట్లంటే విసుగు."

మావయ్య తలెత్తాడు. అక్క మోకాళ్ల వైపు ఒక్కసారి చూశాడు. చెయ్యి మెల్లగా చొక్కా జేబులోకి పోయింది. నా వైపు చూశాడు.

నేను లేచి, వాళ్ల పెరట్లో ఇటుకలు ఎక్కడున్నాయో వెతకడానికి వెళ్లాను.